స్కాట్లాండ్‌ను ఇంటికి పంపింది బ్రెజిల్ కాదు

స్కాట్లాండ్ పురుషుల ఫుట్‌బాల్ జట్టు 1954 నుంచి 2024 దాకా 12 పెద్ద టోర్నీలు ఆడింది. ఎనిమిది ప్రపంచ కప్‌లు, నాలుగు యూరోలు (ఐరోపా దేశాల కప్). అన్నిసార్లూ మొదటి రౌండ్‌లోనే ఇంటిముఖం పట్టింది. ప్రపంచ కప్ వరకే చూసినా, ఎనిమిదిసార్లు వెళ్లి ఎనిమిదిసార్లూ గుమ్మం దగ్గరే ఆగిపోయిన జట్టు ఇంకొకటి లేదు.

ఎందుకిలా అంటే స్కాట్లాండ్ అభిమానుల దగ్గర తరతరాలుగా ఒక జవాబు ఉంది: గ్రహచారం. గ్రూపులో బ్రెజిల్ పడుతుంది, రిఫరీ పెనాల్టీ ఇవ్వడు, గోల్ తేడా దెబ్బ కొడుతుంది. వీరోచితంగా ఓడిపోయాం అని చెప్పుకోవడం అక్కడ ఒక సంప్రదాయమే అయిపోయింది. ఈ జట్టంటే ప్రాణం పెట్టే నాకు ఆ జవాబు ఎప్పుడూ మింగుడు పడలేదు. ఒక్కో టోర్నీ లెక్క తీసి చూడండి. స్కాట్లాండ్ పెద్ద జట్ల దెబ్బకు పోయింది తక్కువ, చిన్న జట్ల మీద చేయాల్సిన పని సగంలో వదిలేసి పోయింది ఎక్కువ.

లెక్క అన్నాను కాబట్టి ఒక మాట. పాయింట్లు సమానమైనప్పుడు ఫుట్‌బాల్‌లో చూసేది గోల్ తేడా, అంటే వేసిన గోల్స్‌లోంచి తిన్న గోల్స్ తీసేస్తే మిగిలేది. ఐపీఎల్‌లో నెట్ రన్‌రేట్ ఎలాగో ఇదీ అలాగే. బలహీనమైన జట్టు దొరికిన రోజు దాన్ని పెంచుకోనివాళ్లు చివరి రోజు వేళ్లు మడిచి లెక్కలేసుకోవాల్సి వస్తుంది.

1974 పశ్చిమ జర్మనీ ప్రపంచ కప్‌తో మొదలుపెడదాం. బిల్లీ బ్రెమ్నర్ కెప్టెన్. డెనిస్ లా, కెన్నీ డాల్‌గ్లిష్, జో జోర్డన్ ఉన్న జట్టు అది. గ్రూపులో బ్రెజిల్, యుగోస్లావియా, జయీర్ (ఇప్పటి డీఆర్ కాంగో). బ్రెజిల్‌తో 0-0, యుగోస్లావియాతో 1-1. ఆ టోర్నీలో ఒక్క మ్యాచ్ కూడా ఓడని జట్టు స్కాట్లాండ్ ఒక్కటే. కప్పు గెలిచిన పశ్చిమ జర్మనీ కూడా గ్రూపులో తూర్పు జర్మనీ చేతిలో ఓడింది. అభిమానులు ఈ కథను ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తారు. మిగతాది జయీర్ కథ. మొదటి మ్యాచ్‌లో స్కాట్లాండ్ వాళ్ల మీద సగం ఆట అయ్యేలోపే రెండు గోల్స్ వేసింది. ఆ తర్వాత ఇంకొక్కటి వేయలేదు. అదే జయీర్ మీద యుగోస్లావియా 9-0తో, బ్రెజిల్ 3-0తో గెలిచాయి. మూడు జట్లకీ నాలుగేసి పాయింట్లు (అప్పట్లో గెలుపుకు రెండే). గోల్ తేడాలో యుగోస్లావియాకు 9, బ్రెజిల్‌కు 3, స్కాట్లాండ్‌కు 2. చేతికి చిక్కిన మ్యాచ్‌లో 45 నిమిషాలు నెమ్మదించినందుకు పడిన శిక్ష అది.

నాలుగేళ్ల తర్వాత అర్జెంటీనా. మేనేజర్ అల్లీ మెక్‌లియోడ్ పతకంతోనే తిరిగొస్తామని దేశాన్ని ఊపేశాడు. వెళ్లకముందే హాంప్‌డెన్ పార్క్ స్టేడియంలో ఆటగాళ్లను ఓపెన్ టాప్ బస్సు మీద ఊరేగించారు. మొదటి మ్యాచ్‌లో పెరూ మీద ముందు గోల్ వేసి, తర్వాత పెనాల్టీ వృథా చేసుకుని, 1-3తో ఓడారు. పెరూ చిన్న జట్టేమీ కాదు, త్యోఫిలో కుబియాస్ లాంటి ఆటగాడున్న జట్టు. అయినా స్కాట్లాండ్ వాళ్ల ఆట తీరును సరిగ్గా గమనించుకుని కూడా వెళ్లలేదు. ఇక రెండో మ్యాచ్‌లో ఇరాన్‌తో 1-1. ఆ ఒక్క గోల్ కూడా ఇరాన్ డిఫెండర్ తన సొంత గోల్‌లోకే కొట్టుకున్నది. దాంతో మూడో మ్యాచ్‌లో నెదర్లాండ్స్‌ను మూడు గోల్స్ తేడాతో ఓడించాల్సిన పరిస్థితి వచ్చింది. అదీ దాదాపు చేసి చూపించారు. కుడివైపు బంతి అందుకున్న ఆర్చీ గెమ్మిల్ ముగ్గురు డచ్ ఆటగాళ్లను దాటేసి, ముందుకొచ్చిన గోల్‌కీపర్ పక్కనుంచి బంతిని లోపలికి ఎత్తేశాడు. 3-1. ఇంకొక్క గోల్ పడితే చాలు. కాసేపటికే జానీ రెప్ దూరం నుంచి కొట్టిన షాట్ ఆ ఆశను చల్లార్చేసింది. ఆఖరుకు 3-2. గెమ్మిల్ గోల్‌ను స్కాట్లాండ్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు, చెప్పుకోవాలి కూడా. ఇరాన్ మీద గెలిచి ఉంటే మాత్రం అంత అద్భుతం చేయాల్సిన అవసరమే వచ్చేది కాదు.

నా వాదనంతా ఒక్క టోర్నీలో చూపించమంటే 1982 స్పెయిన్ ప్రపంచ కప్ చూపిస్తాను. మేనేజర్ జాక్ స్టీన్, గ్లాస్గో క్లబ్ సెల్టిక్‌కు ఐరోపా క్లబ్‌ల పెద్ద టోర్నీ యూరోపియన్ కప్ గెలిపించిన మనిషి. మొదటి మ్యాచ్ న్యూజిలాండ్‌తో. సగం ఆటకు 3-0. రెండో సగంలో డిఫెన్స్ పొరపాట్లతో రెండు గోల్స్ ఇచ్చేశారు, 3-2 అయింది. కంగారుపడి ఇంకో రెండు వేసి 5-2తో బయటపడ్డారు. తర్వాత బ్రెజిల్ చేతిలో 1-4. చివరి మ్యాచ్‌లో సోవియట్ యూనియన్‌తో 2-2. ఆ మ్యాచ్‌లో అలన్ హాన్సన్, విల్లీ మిల్లర్ ఒకరినొకరు ఢీకొని పడిపోవడం, వాళ్ల మధ్యలోంచి షెంగెలియా దూసుకెళ్లి గోల్ వేయడం అందరికీ గుర్తు. స్కాట్లాండ్, సోవియట్ యూనియన్ రెండింటికీ మూడేసి పాయింట్లు. గోల్ తేడాలో సోవియట్ ముందుంది, ఆరు వేసి నాలుగు తిన్నది. స్కాట్లాండ్ ఎనిమిది వేసి ఎనిమిది తిన్నది.

ఇప్పుడు న్యూజిలాండ్ మ్యాచ్‌లో ఇచ్చిన ఆ రెండు గోల్స్ తీసేసి చూడండి. ఎనిమిది వేసి ఆరు తిన్నట్టు, తేడా 2. సోవియట్‌కూ అదే 2. తేడా సమానమైతే ఎక్కువ గోల్స్ వేసినవాళ్లది పైచేయి, అంటే స్కాట్లాండ్‌ది. చివరి రోజు డ్రా సరిపోయేది స్కాట్లాండ్‌కి, గెలిచి తీరాల్సింది సోవియట్ యూనియన్. హాన్సన్, మిల్లర్ ఢీకొన్నా 2-2తో ముందుకు వెళ్లేవాళ్లు. అభిమానులు నలభై ఏళ్లకు పైగా ఆ ఇద్దరినీ తిట్టుకుంటున్నారు. అసలు తప్పు అంతకు ఏడు రోజుల ముందు, గెలిచిన మ్యాచ్‌లోనే జరిగిపోయింది.

మిగతావాటికి ఇంత వివరం అక్కర్లేదు. 1986 మెక్సికోలో ఉరుగ్వే మీద గెలిస్తే చాలు. ఉరుగ్వే ఆటగాడు హోసే బాటిస్టా మొదటి నిమిషం పూర్తవకముందే రెడ్ కార్డు తిని వెళ్లిపోయాడు. అంటే దాదాపు ఆటంతా పది మంది మీద పదకొండు మంది. ఫలితం 0-0. 1990లో కోస్టారికా చేతిలో 0-1. 1996 యూరోలో స్విట్జర్లాండ్ మీద 1-0తో గెలిచినా, నెదర్లాండ్స్‌తో పాయింట్లు, గోల్ తేడా రెండూ సమానమయ్యాయి. వేసిన గోల్స్ నెదర్లాండ్స్‌కు 3, స్కాట్లాండ్‌కు 1. ఇంకొక్క గోల్ వేసుకుని ఉంటే ముందుకు వెళ్లేవాళ్లు.

మహిళల జట్టుకూ ఇదే జబ్బు అంటుకుంది. 2019 ఫ్రాన్స్ ప్రపంచ కప్‌లో చివరి గ్రూపు మ్యాచ్. డెబ్బై నిమిషాలు దాటాక కూడా అర్జెంటీనా మీద 3-0 ఆధిక్యం. అక్కడి నుంచి 3-3. చివరి గోల్ 90 నిమిషాలు అయ్యాక కలిపే అదనపు సమయంలో, వీడియో చూసి మళ్లీ కొట్టించిన పెనాల్టీ. గోల్‌కీపర్ గీత దాటిందా లేదా అని రోజుల తరబడి వాదించుకున్నారు. అంతకుముందు పోయిన రెండు గోల్స్ గురించి అంత వాదన జరగలేదు.

ఇదే జట్టు పెద్దవాళ్ల మీద వేరే మనిషిలా ఆడుతుంది. 1967 ఏప్రిల్‌లో, ప్రపంచ చాంపియన్ ఇంగ్లండ్‌ను వాళ్ల వెంబ్లీలోనే 3-2తో ఓడించింది. జిమ్ బాక్స్‌టర్ మధ్యలో నిలబడి బంతిని కాలి మీద ఎగరేస్తూ ఆడుకున్నాడు. 2007లో పారిస్‌లో జేమ్స్ మెక్‌ఫాడెన్ దూరం నుంచి కొట్టిన గోల్‌తో ఫ్రాన్స్ ఓడింది. 2023లో హాంప్‌డెన్‌లో స్పెయిన్ మీద 2-0. ఎదుటివాళ్లు దూసుకొస్తే వెనక ఖాళీ దొరుకుతుంది, స్కాట్లాండ్ పరుగుకి, పోరాటానికి అది సరిపోతుంది. ఎదుటివాళ్లు పదిమందీ వెనక్కి తగ్గి కూర్చుంటే ఆ గోడలో సందు వెతికే ఓపిక, నైపుణ్యం కావాలి. ఆ రకం ఆటగాళ్లు ఒకప్పుడు స్కాట్లాండ్‌లో కొల్లలు. ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

అసలు బంతిని పాస్ చేస్తూ ఆడే పద్ధతికి పునాది పడిందే అక్కడ. ప్రపంచంలో మొట్టమొదటి అధికారిక అంతర్జాతీయ ఫుట్‌బాల్ మ్యాచ్ 1872 నవంబర్ 30న గ్లాస్గోలో స్కాట్లాండ్, ఇంగ్లండ్ మధ్య జరిగింది, 0-0. ఆ రోజుల్లో ఇంగ్లండ్ ఆటగాళ్లు బంతి దొరికితే ఒంటరిగా పరిగెత్తేవాళ్లు. స్కాట్లాండ్‌వాళ్లు ఒకరికొకరు అందించుకుంటూ ఆడేవాళ్లు. ఆ విద్య నేర్చుకోవడానికి ఇంగ్లండ్ క్లబ్‌లు స్కాట్లాండ్ ఆటగాళ్లను డబ్బిచ్చి పిలిపించుకున్నాయి, వాళ్లకు స్కాచ్ ప్రొఫెసర్లు అని పేరు. ఆ వరస వందేళ్లు సాగింది. 1967లో యూరోపియన్ కప్ గెలిచిన సెల్టిక్ జట్టులో అందరూ గ్లాస్గో చుట్టూ 30 మైళ్ల లోపల పుట్టినవాళ్లే. 1984లో అదే కప్పు గెలిచిన లివర్‌పూల్‌కు వెన్నెముక డాల్‌గ్లిష్, గ్రేమ్ సూనెస్, హాన్సన్, ముగ్గురూ స్కాట్లాండ్‌వాళ్లు. మాట్ బస్బీ, బిల్ షాంక్లీ, అలెక్స్ ఫెర్గూసన్ అనే ముగ్గురు మేనేజర్లను పక్కన పెడితే ఇంగ్లిష్ క్లబ్ ఫుట్‌బాల్ చరిత్ర సగం ఖాళీ అవుతుంది.

ఆ ఊట ఎండిపోవడానికి కారణం ఒక్కటి కాదు. 1992లో ప్రీమియర్ లీగ్ మొదలై ఇంగ్లిష్ క్లబ్‌ల చేతికి టీవీ డబ్బు వచ్చింది. 1995లో బాస్మన్ తీర్పుతో ఐరోపా యూనియన్ దేశాల ఆటగాళ్లకు ఒప్పందం ముగిశాక ఎక్కడికైనా ఉచితంగా వెళ్లే హక్కు, విదేశీయుల కోటా నుంచి విడుదల దొరికాయి. మాంచెస్టర్, లండన్ క్లబ్‌లు గ్లాస్గో వైపు చూడటం మానేసి పారిస్, ఆమ్‌స్టర్‌డామ్ వైపు చూశాయి. గ్లాస్గో క్లబ్‌లు రేంజర్స్, సెల్టిక్ కూడా స్థానిక కుర్రాళ్లను పెంచడం కన్నా తయారై ఉన్న విదేశీయులను కొనడమే సులువనుకున్నాయి. ఫెర్గూసన్ నడిపిన అబర్డీన్ 1985లో లీగ్ గెలిచాక నలభై ఏళ్ల పాటు ఆ ట్రోఫీ ఈ రెండు క్లబ్‌ల చేతులే మారింది. మిగతా క్లబ్‌లకు గెలుపు మీద ఆశ లేదు, ఖర్చుపెట్టే స్థోమత లేదు.

దీని ఫలితం 1998 తర్వాత తెలిసింది. ఆ ఏడాది ఫ్రాన్స్ ప్రపంచ కప్‌లో మొరాకో చేతిలో 0-3తో ఓడి వచ్చిన స్కాట్లాండ్ పురుషుల జట్టు, మళ్లీ పెద్ద టోర్నీలో కాలుపెట్టింది 2021లో. మధ్యలో 2002లో ఫారో దీవులతో 2-2, 2010లో ప్రాగ్‌లో అసలు స్ట్రైకర్ లేకుండా బరిలోకి దిగి చెక్ రిపబ్లిక్ చేతిలో 0-1, 2019లో కజకిస్తాన్‌లో 0-3. దేశం చిన్నది, జనాభా 55 లక్షలే కదా అని సర్ది చెప్పేవాళ్లున్నారు. నాకా మాట నచ్చదు. 40 లక్షలు కూడా లేని క్రొయేషియా 2018లో ఫైనల్ ఆడింది, 2022లో మూడో స్థానంలో నిలిచింది. ఉరుగ్వే అంతకన్నా చిన్నది.

కజకిస్తాన్ అవమానం తర్వాత 2019 మేలో స్టీవ్ క్లార్క్ మేనేజర్‌గా వచ్చాడు. ఆయన గురించి అభిమానులు రెండు వర్గాలు. పిరికి ఆట ఆడిస్తాడని ఒక వర్గం, దేశాన్ని మళ్లీ టోర్నీలకు తెచ్చింది ఆయనే కదా అని ఇంకో వర్గం. రెండూ నిజమే, రెండింటికీ మూలం ఒకటే. ఆయనకు దొరికిన మంచి ఆటగాళ్లలో ఇద్దరు, ఆండీ రాబర్ట్‌సన్, కీరన్ టియర్నీ, ఒకే స్థానం వాళ్లు. ఇద్దరూ లెఫ్ట్ బ్యాక్‌లే. వాళ్లిద్దరినీ ఒకేసారి ఆడించడానికి వెనక ముగ్గురు డిఫెండర్ల పద్ధతికి మారి, టియర్నీని లోపలికి జరిపి, రాబర్ట్‌సన్‌ను బయట ఉంచాడు. జట్టు గట్టిపడింది. 2020 నవంబర్‌లో బెల్‌గ్రేడ్‌లో సెర్బియా మీద పెనాల్టీల్లో 5-4తో గెలిచి ఆ 2021 టోర్నీకి అర్హత సాధించింది. ఆఖరి పెనాల్టీ ఆపిన డేవిడ్ మార్షల్ వెంటనే సంబరపడలేదు. తన కాలు గీత మీదే ఉందా, తాను ఆపింది చెల్లుతుందా అని రిఫరీ వైపు చూస్తూ నిలబడ్డాడు. అంతకాలం నమ్మకం చచ్చిపోయిన జట్టుకి గెలుపు కూడా నిర్ధారణ కావాలి.

క్లార్క్ పద్ధతి క్వాలిఫయర్లకు బాగా సరిపోతుంది. చాలా మ్యాచ్‌లు సాగే పోరులో ఓడకుండా ఉండటమే సగం విజయం. మూడు మ్యాచ్‌ల గ్రూపులో మాత్రం ఏదో ఒకటి గెలిచి తీరాలి. 2024 యూరోలో జర్మనీ చేతిలో 1-5, స్విట్జర్లాండ్‌తో 1-1 అయ్యాక హంగరీ మీద గెలిస్తే నాలుగు పాయింట్లతో ముందుకు పోయేవాళ్లు. బంతిని ఎక్కువసేపు తమ దగ్గరే తిప్పుకున్నారు, గోల్ వైపు మాత్రం రాలేదు. అదనపు సమయంలో, నూరో నిమిషంలో కెవిన్ చోబోత్ గోల్ వేసి పంపించేశాడు. స్టువర్ట్ ఆర్మ్‌స్ట్రాంగ్ కిందపడినప్పుడు పెనాల్టీ ఇవ్వాల్సిందే, నేనూ ఒప్పుకుంటాను. కానీ దాని గురించే మాట్లాడుకుంటే మిగతా మ్యాచ్ అంతా ఏం చేశారన్న ప్రశ్న పక్కకు పోతుంది. జర్మనీ నిండా సందడి చేసిన వేలాది స్కాట్లాండ్ అభిమానులు, టార్టన్ ఆర్మీ, అంతకన్నా మంచి ఆటకు అర్హులు.

అందుకే 2026 ప్రపంచ కప్ క్వాలిఫయర్లలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది బెలారస్‌తో ఆడిన రెండు మ్యాచ్‌లు. స్కాట్లాండ్ 2-0, 2-1తో గెలిచింది. హాంప్‌డెన్‌లో ఆ 2-1 ఆట ఎవరికీ నచ్చలేదు. మూడు పాయింట్లు మాత్రం వచ్చాయి. అదే బెలారస్‌తో డెన్మార్క్ సొంతగడ్డ మీద 2-2తో డ్రా చేసుకుంది. నవంబర్ 18న చివరి మ్యాచ్‌కు వచ్చేసరికి డెన్మార్క్‌కు 11, స్కాట్లాండ్‌కు 10. బెలారస్‌ను ఓడించి ఉంటే డెన్మార్క్‌కు 13 ఉండేవి. హాంప్‌డెన్‌లో స్కాట్లాండ్ గెలిచినా పాయింట్లు సమానమై, గోల్ తేడాతో డెన్మార్కే ప్రపంచ కప్‌కు వెళ్లేది. ఎన్నో ఏళ్లు స్కాట్లాండ్ చేస్తూ వచ్చిన తప్పు ఈసారి ఎదుటివాళ్లు చేశారు.

ఆ రాత్రి ఆట సంగతి చెప్పకపోతే మనసొప్పదు. మూడో నిమిషంలో స్కాట్ మెక్‌టామినే గాల్లోకి లేచి వెనక్కి తిరిగి కొట్టిన ఓవర్‌హెడ్ కిక్. 42 ఏళ్ల క్రెయిగ్ గోర్డన్ గోల్‌లో. డెన్మార్క్ రెండుసార్లు సమం చేసింది. 2-2 మీద అదనపు సమయం మొదలైంది. డెన్మార్క్‌కు డ్రా చాలు. అప్పుడు టియర్నీ బాక్స్ బయట నుంచి వంచి కొట్టిన బంతి మూలలో పడింది. డెన్మార్క్ అందరూ ముందుకు పరిగెత్తగా, ఆఖర్లో కెన్నీ మెక్‌లీన్ మైదానం మధ్యగీత దగ్గర్నుంచి గోల్‌కీపర్ తలమీదుగా లేపాడు. 4-2. డెన్మార్క్ పది మందితో ఆడుతున్న సంగతి మర్చిపోకూడదు. 1986లోనూ పదిమందే ఎదురుగా ఉన్నారు. ఈసారి గోల్స్ వచ్చాయి.

ఆటగాళ్లూ మారారు. మెక్‌టామినే నాపోలితో 2025లో ఇటలీ లీగ్ గెలిచి ఆ సీజన్ అత్యుత్తమ ఆటగాడయ్యాడు. బిల్లీ గిల్మర్ అదే జట్టు. లూయిస్ ఫెర్గూసన్ బొలోన్యా కెప్టెన్. 2012లో స్కాట్లాండ్ ఫుట్‌బాల్ సంఘం మామూలు హైస్కూళ్లలోనే రోజూ శిక్షణ ఇచ్చే పథకం మొదలుపెట్టింది, గిల్మర్ అందులోంచి వచ్చినవాడే. ఎదుటివాళ్లు వెనక్కి తగ్గినప్పుడు ఓపిగ్గా బంతి తిప్పే పనికి ఇటలీలో దొరికే చదువు బాగా పనికొస్తుంది. స్ట్రైకర్ స్థానం మాత్రం ఇంకా బలహీనమే. లారెన్స్ షాంక్లండ్, చే ఆడమ్స్ కష్టపడతారు, భయపెట్టరు.

2026 ప్రపంచ కప్ గ్రూపులు తేల్చే డ్రాలో స్కాట్లాండ్‌కు పడింది గ్రూపు సి. బ్రెజిల్, మొరాకో, హైతీ. 1998లోనూ స్కాట్లాండ్ గ్రూపులో బ్రెజిల్, మొరాకో ఉన్నాయి. ఆ పేర్లు చూసి మళ్లీ గ్రహచారం అన్నవాళ్లున్నారు. నేను చూసేది హైతీ మ్యాచ్. హైతీ ఇంతకుముందు ఆడిన ఒకే ఒక్క ప్రపంచ కప్ 1974ది. 48 జట్ల టోర్నీలో 12 గ్రూపుల నుంచి మూడో స్థానం వచ్చిన ఎనిమిది జట్లు కూడా ముందుకు వెళ్తాయి కాబట్టి ఒక్క గెలుపుతోనే దారి తెరుచుకోవచ్చు. కచ్చితంగా తెరుచుకుంటుందని మాత్రం కాదు. 2024 యూరోలో స్కాట్లాండ్‌ను ఓడించిన హంగరీ మూడు పాయింట్లతో, గోల్ తేడా మైనస్ మూడు ఉన్నందుకు ఇంటికే వెళ్లింది. అవే మూడు పాయింట్లతో, తేడా సున్నా ఉన్న స్లొవేనియా ముందుకు వెళ్లింది.

హైతీతో మ్యాచ్ బోస్టన్‌లో. మనకు జూన్ 14 ఆదివారం పొద్దున ఆరున్నరకి మొదలవుతుంది. మొరాకో, బ్రెజిల్ మ్యాచ్‌లు ఆ తర్వాత. స్కాట్లాండ్ 2-0 ఆధిక్యంలోకి వెళ్తే క్లార్క్ మెక్‌టామినేను, రాబర్ట్‌సన్‌ను తర్వాతి మ్యాచ్ కోసం బెంచీకి పిలుస్తాడా, మూడో గోల్ కోసం ఇంకో స్ట్రైకర్‌ను దింపుతాడా అన్నదే నేను చూడబోయేది.